స్టేషనును ఆనవాలు పట్టడము

రైల్వే స్టేషను ముఖభాగమును చూపించి దాని పేరు చెప్పుమంటే అది పరీక్ష కాదు. గుమ్మటములను, మినారులను చూచి కాచిగూడ అని చెప్పలేనివారు హైదరాబాదులో అరుదు. అదే స్టేషనులోని ఒక బెంచీ కాలును, నల్లా క్రింది రాతిపలకను, పట్టాల నడుమ పోసిన కంకరను మాత్రమే చిత్రించి "ఇది ఎక్కడిది?" అని అడిగినప్పుడు అసలు కథ మొదలవుతుంది. మా కళాశాలలో ఉర్దూ శాఖవారము, తెలుగు శాఖవారము కొందరము కలిసి కొంతకాలముగా ఈ వినోదమును సాగిస్తున్నాము. నియమములు స్వల్పము. చిత్రములో ఊరి పేరు పూర్తిగా కనిపించరాదు. చిత్రము తెచ్చినవారు నోరు విప్పరాదు. మిగిలినవారు పేరు చెప్పి ఊరుకొనక, అందుకు కారణము కూడ చెప్పవలెను. కారణము లేని సరియైన జవాబుకు మా వద్ద విలువ లేదు.

ఉర్దూలో 'అటకల్' అనే మాట ఒకటి, 'ఖియాఫా' అనే మాట ఒకటి ఉన్నవి. అటకల్ అంటే ఉజ్జాయింపుగా ఊహించుట. ఖియాఫా అంటే ముఖలక్షణములనుబట్టి మనిషిని గ్రహించుట. తెలుగులో 'ఆనవాలు పట్టడము' అనునది రెండవదానికి దగ్గరి చుట్టము. మొదటిది అదృష్టముపై నడుస్తుంది, రెండవది పరిశీలనపై నడుస్తుంది. ఈ వ్యాసము రెండవదానిని గురించి.

ఆనవాలు పట్టవలెనంటే మొదట తెలియవలసినది, ఏ గుర్తును నమ్మవలెను, ఏ గుర్తును నమ్మరాదు అనునది. చిత్రములో రైలు పెట్టె ఉన్నదని, దానిపై బోర్డు వ్రేలాడుచున్నదని సంతోషించుట అవివేకము. ఆ బోర్డు రైలు ఎక్కడనుండి ఎక్కడికి పోవునో చెప్పును గాని, ఇప్పుడెక్కడ నిలిచినదో చెప్పదు. చక్రములున్న ప్రతి వస్తువునకు ఇదే న్యాయము. సామాను బండిని, టీ బండిని, పెట్టెను సాక్ష్యమునకు పిలువరాదు. ఇక కదలని వస్తువులు కూడ అన్నియు నమ్మదగినవి కావు. వాటిలో కొన్ని ఎక్కడో పుట్టి, రైలెక్కి వచ్చి, ఇక్కడ స్థిరపడినవే. మేము అనుభవముమీద కనుగొన్న సూత్రము ఇది: బరువైనది, చవుకైనది దూరము పోదు. తేలికైనది, ఖరీదైనది ఎంత దూరమైనను పోవును. కనుక చిత్రములో అన్నింటికంటె బరువైన, అన్నింటికంటె చవుకైన వస్తువేదో దానిని ముందుగా చూడవలెను.

రైలు పట్టాల క్రింద అట్టి వస్తువు కంకర. దానిని దూరమునుండి తెప్పించుట దండుగ. దగ్గరలోని కొండను పగులగొట్టి తెచ్చి పోస్తారు. అందువలన కంకర రంగు ఆ నేల రంగే. హైదరాబాదు, కాజీపేట ప్రాంతములలో బూడిదవన్నెలో కొంచెము గులాబిచాయ కలిసిన గ్రానైటు కంకర కనిపిస్తుంది. నాందేడు, పర్భణీ వైపు పోయినకొలది కంకర నల్లబడుతుంది. అది దక్కను అగ్నిశిల, బసాల్టు. కృష్ణా గోదావరి డెల్టాలలో నేలంతయు ఒండ్రుమట్టి, రాయి దొరకదు. అక్కడి పట్టాల క్రింది రాయి పొరుగు కొండలనుండి రావలసినదే. కనుక చిత్రములో చుట్టును నల్లని తడిమట్టి, వరిచేలు, కొబ్బరిచెట్లు, వాటి నడుమ మాత్రము కొండరాయి కనిపించినచో, అది డెల్టా అని చెప్పుటకు ఆ పొంతన లేకపోవుటయే ఆధారము.

కంకర తరువాత ప్లాట్‌ఫారముపై పరచిన బండలను చూడవలెను. మన ఇండ్లలో షాబాదు బండలు ఎరుగనివారు లేరు. వాడి, గుల్బర్గాల నడుమనున్న షాబాదులో దొరకు ఈ బూడిదరంగు సున్నపురాయి పొరలుపొరలుగా లేచి వచ్చుటచేత పలకలుగా కోయుట సులభము. సికింద్రాబాదు-వాడి మార్గములోని తాండూరులో నీలిచాయవి, పసుపుచాయవి దొరకును. దక్షిణముగా పోయినచో బేతంచర్ల నాపరాళ్లు, ఆపైన నల్లని కడప బండలు. ఈ ఊళ్లన్నియు రైలు మార్గములపైనే ఉన్నవని పాఠకులు గమనింపవలెను. అదే చిక్కు. బండ కంకరవలె కాదు, దానికి కొంత ధర ఉన్నది, కనుక రైలెక్కి కొంత దూరము పోగలదు. షాబాదు బండ కనిపించినంతమాత్రమున అది వాడి స్టేషను కానక్కరలేదు, హైదరాబాదు వరకు ఏదైనను కావచ్చును. అయినను కడప బండ పరచిన ప్లాట్‌ఫారమును చూచి అది నాందేడు అనువారిని మేము గట్టిగా నిలదీస్తాము.

బండను మించి మోసగించునది కప్పుమీది పెంకు. పాత స్టేషనుల వసారాలపై ఎర్రని మంగళూరు పెంకులు కనిపిస్తాయి. వాటిని తిరగవేసి చూచినచో తయారుచేసిన కర్మాగారము పేరు అచ్చుపడి ఉంటుంది. బాసెల్ మిషనువారు మంగళూరులో 1865లో పెంకుల కర్మాగారము పెట్టినది మొదలు ఆ పెంకులు ఓడలెక్కి, రైళ్లెక్కి దూరదేశములకు పోయినవి. పెంకుపై మంగళూరు అని ఉన్నదని పడమటి తీరమునకు పరుగెత్తినవారు మాలో లేకపోలేదు. పాత పట్టాలును ఇట్టివే. అరిగిన పట్టాలను నరికి కంచె గుంజలుగా, వసారా స్తంభములుగా నిలబెట్టుట, ఒక ముక్కను వ్రేలాడదీసి గంటగా మ్రోగించుట మన రైల్వేలలో పాత ఆచారము. ఆ పట్టా ప్రక్కన దానిని తయారుచేసిన కర్మాగారము పేరు, సంవత్సరము ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ సంవత్సరము పట్టా పుట్టిన సంవత్సరము. స్టేషను అంతకు ముందుది కాదని చెప్పుటకును అది చాలదు, ఎందుచేతననగా కంచె తరువాత వేసినది కావచ్చును.

ఇనుప వస్తువులపై కంపెనీ పొడి అక్షరములు కనిపించినచో మాత్రము అది అదృష్టమే. బెంచీ చేతిపైనను, దీపస్తంభము మొదటను పాత రైల్వే కంపెనీలు తమ గుర్తును వేసికొనేవి. 'ఎన్.జి.ఎస్.ఆర్.' అని ఉన్నచో అది నిజాము గ్యారంటీడు స్టేట్ రైల్వే, అనగా 1930కి పూర్వపు వస్తువు. ఆ సంవత్సరములో హైదరాబాదు ప్రభుత్వము ఆ రైల్వేను కొని స్వాధీనము చేసికొన్నది. తరువాత 'గ్యారంటీడు' అను మాటకు పని లేకపోయినది, 'ఎన్.ఎస్.ఆర్.' మిగిలినది. 1951 నవంబరు 5న అది సెంట్రల్ రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. విజయవాడ వైపు మద్రాసు అండ్ సదరన్ మహరట్టా రైల్వే అక్షరములు, విశాఖపట్టణము వైపు బెంగాల్ నాగపూర్ రైల్వే అక్షరములు ఉండవలసినవి. ఈ విధముగా ఒక బెంచీ చేయి ప్రాంతమును, కాలమును రెండింటిని చెప్పగలదు. బెంచీని మోయగలరు గదా అని ఎవరైన అడుగవచ్చును. పోత ఇనుపబెంచీని మోయవలెనంటే నలుగురు కావలెను, ఉత్తరువు కావలెను, కనుక అది సాధారణముగా తన రాజ్యము దాటదు.

కాలమును చెప్పు గుర్తులలో మమ్ములను ఎక్కువసేపు మౌనముగా కూర్చుండబెట్టినది నీటి కుండల బోర్డు. బ్రిటిషువారి కాలములో మన దేశపు స్టేషనులలో హిందువులకొక నీరు, ముసల్మానులకొక నీరు వేరుగా ఇచ్చేవారు. పాత చిత్రములలో ఆ బోర్డులు నేటికిని చూడవచ్చును. నల్లా ఒకటే, బావి ఒకటే, బోర్డులు రెండు. కాలనిర్ణయమునకు అంతకంటె స్పష్టమైన గుర్తు దొరకదు.

ఇప్పుడు పేరు బోర్డు వద్దకు వద్దాము. పేరు కనిపించరాదను నియమమున్నను బోర్డు మూల కనిపించుటకు అభ్యంతరము లేదు. పసుపుపచ్చ పలకపై నల్లని అక్షరములు, అడుగున సముద్రమట్టమునకు ఎంత ఎత్తో తెలుపు అంకె. ఆ అంకె ఒక్కటి చాలు, సగము దేశమును తొలగించుటకు. ఐదువందల మీటర్లకు మించి ఉన్నచో అది దక్కను పీఠభూమి కావచ్చును, కోస్తా కానేరదు. రెండంకెలలోపల ఉన్నచో అది హైదరాబాదు కాదు. కొత్తవలస-కిరండోలు మార్గములో అరకుకు దగ్గరనున్న శిమిలిగూడ దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరులోయలో రైలు నడవక ముందు దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులలో ఎత్తయినదిగా దానిని చెప్పేవారు. కొన్ని పేర్లు పొడవుచేతనే పట్టుబడును. రేణిగుంట-అరక్కోణము మార్గములోని వేంకటనరసింహరాజువారిపేట బోర్డును ఎంత కత్తిరించినను దాని పొడవు దాగదు.

స్టేషను సంకేతాక్షరములు ఇంకను తమాషా అయినవి. బోర్డుపై పేరు మారినను ఈ అక్షరములు సాధారణముగా మారవు. విజయవాడ సంకేతము నేటికిని 'బి.జెడ్.ఏ.', అనగా బెజవాడ. మచిలీపట్నము 'ఎం.టి.ఎం.'లో ఆంగ్లేయుల మసులీపటము దాగి ఉన్నది. శ్రీకాకుళము రోడ్డు సంకేతము 'సి.హెచ్.ఇ.' ఆ ఊరిని వారు చికాకోల్ అని పలికిన దానికి గుర్తు. కడపకు 'హెచ్.ఎక్స్.' ఎట్లు వచ్చినదో ఊహించుట పాఠకులకే వదిలివేస్తున్నాము. 'రోడ్డు' అను మాట కనిపించినచో మరియొక జాగ్రత్త అవసరము. ఊరు అక్కడ లేదని దాని అర్థము. శ్రీకాకుళము రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. భద్రాచలము రోడ్డు స్టేషను ఉన్నది కొత్తగూడెములో. రామదర్శనమునకు వచ్చిన యాత్రికుడు అక్కడ దిగి ఇంకను నలుబది కిలోమీటర్లు పోవలెను.

నాలుగు లిపుల బోర్డు మా ఆటకు ప్రత్యేకమైన వరము. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఎడమనుండి కుడికి నడుస్తాయి, ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది. బోర్డు కుడిసగము చిత్రములో లేదనుకొందాము. తెలుగు పంక్తిలో 'మహబూ' వరకే మిగిలినది. మహబూబ్‌నగరా, మహబూబాబాదా? రెండును ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేర వెలసినవే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడును ఇక్కడ నిస్సహాయములు, మూడింటికిని తోకలు తెగినవి. అట్టి బోర్డుపై ఉర్దూ పంక్తి ఉన్నచో, తల తెగినను దాని తోక ఎడమప్రక్కన క్షేమముగా ఉంటుంది. అక్కడ 'నగర్' అని ఉన్నదా, 'ఆబాద్' అని ఉన్నదా చూచినచో వివాదము ముగిసినది. ఎడమసగము పోయినప్పుడు దీనికి తలక్రిందు. తెలుగులో 'బాద్' మాత్రము మిగులును. అది సికింద్రాబాదు, వికారాబాదు, నిజామాబాదు, జహీరాబాదు, ఆదిలాబాదులలో ఏదైనను కావచ్చును. అప్పుడు ఉర్దూ పంక్తి మొదటి అక్షరము సీన్ అయితే సికింద్రాబాదు, వావ్ అయితే వికారాబాదు, నూన్ అయితే నిజామాబాదు, జోయ్ అయితే జహీరాబాదు, ఐన్ అయితే ఆదిలాబాదు. మాలో రెండు లిపులును చదువగలవారు తక్కువ. అందుచేత ఈ ఆటలో ఒక శాఖవారు మరియొక శాఖవారిని పిలువక తప్పదు.

నేలను విడిచి ఆకాశమును చూడుటకూడ నేర్వవలెను. మన అక్షాంశము పదునేడున్నర డిగ్రీలకు దగ్గర. సంవత్సరములో అధికభాగము మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకు పడుతుంది. మే రెండవ వారము మొదలు ఆగస్టు మొదటి దినముల వరకు మాత్రమే సూర్యుడు మన నెత్తికి ఉత్తరముగా ఉంటాడు. నీడనుబట్టి దిక్కు తెలిసినచో ప్లాట్‌ఫారము ఏ దిక్కునకు సాగినదో తెలియును, పటముతో సరిచూచి కొన్ని స్టేషనులను తొలగించవచ్చును. వెనుక దృశ్యములో ఒకే రాతిముద్దగా కోట కొండ లేచి ఉన్నచో భువనగిరిని తలచుకొనవలెను. గోదావరి కనిపించినచో వంతెనలను లెక్కపెట్టవలెను. రాజమండ్రి వద్ద మొదటి రైలు వంతెన 1900లోను, రోడ్డు-రైలు వంతెన 1974లోను, విల్లువంటి కాంక్రీటు కమానుల వంతెన 1997లోను వచ్చినవి. ఎన్ని కనిపించినవో దానినిబట్టి చిత్రము వయస్సు దొరకును. విద్యుత్ స్తంభములపై ఏ కిలోమీటరులో ఎన్నవ స్తంభమో తెలుపు చిన్న పలక ఉంటుంది. అది చదువగలిగినచో పేరు చదివినట్లే, కనుక మేము దానిని నిషేధించినాము.

ఈ విద్య కేవలము వినోదమని అనుకొనుచుండగా మా మిత్రులొకరు తమ ఇంటి ఆల్బమునుండి ఒక పాత చిత్రమును తెచ్చినారు. వారి తాతగారు షేర్వానీ ధరించి, చేత చుట్టిన పరుపుతో ప్లాట్‌ఫారముపై నిలిచి ఉన్నారు. బొంబాయికి పోవుచు నాంపల్లి స్టేషనులో తీయించుకొన్న చిత్రమని ఇంటిల్లపాది విశ్వాసము. ఆయన తిరిగి రాలేదు. చిత్రములో స్తంభము, వసారా అంచు, వెనుక పట్టాలు, ఆ పట్టాలను దాటుచున్న ఒక కూలీ, అంతే. మేము చాలసేపు స్తంభమును చూచినాము. చివరకు సాక్ష్యమిచ్చినది ఆ కూలీ. బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల నడిమి దూరము 1676 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు మనిషి నిలువెత్తు. మీటరుగేజిలో అది 1000 మిల్లీమీటర్లు, మనిషి నడుము ఎత్తు. చిత్రములో ఆ కూలీ కాళ్ల క్రింది పట్టాల ఎడము అతని నడుము ఎత్తుకు మించలేదు. అది మీటరుగేజి. 1907లో వెలసిన నాంపల్లిది బ్రాడ్‌గేజి మార్గము. మీటరుగేజి రైళ్లు కాచిగూడనుండి, సికింద్రాబాదునుండి నడిచేవి. వాటిలో ఏదో మేము తేల్చలేదు.

ఈ మాట ఆ ఇంటిలో చెప్పినప్పుడు సంతోషము కలుగలేదు. అరవై సంవత్సరములుగా నాంపల్లి మీదుగా పోవునప్పుడెల్ల ఆ ఇంటి పెద్దామె ఆ ప్లాట్‌ఫారమువైపు చూచి దువా చేసేవారట. అయితే ఆయన బొంబాయికి పోలేదా అని ఆమె అడిగినారు. పోయి ఉండవచ్చును. మీటరుగేజి మార్గము 1900లోనే మన్మాడు వరకు పూర్తి అయినది. అక్కడ బండి మారినచో బొంబాయి చేరవచ్చును. ఈ విధముగా నాంపల్లి పోయినది గాని బొంబాయి నిలిచినది. ఆమె కొంతసేపు చిత్రమును చూచి, "రెండు బండ్లు మారినారన్నమాట" అన్నారు. ఆ మీటరుగేజి పట్టాలు కూడ 1990ల నుండి క్రమముగా బ్రాడ్‌గేజిగా మారినవి. ఆ కొలత చెప్పుటకు నేడు ఆ స్టేషనులు రెండింటిలోను పట్టా లేదు. చిత్రమే ఉన్నది.

నేడు మా విద్యకు గడ్డుకాలము వచ్చినది. 2023 ఆగస్టు 6న దేశములో 508 స్టేషనుల పునర్నిర్మాణమునకు ఒకేసారి శంకుస్థాపన జరిగినది. 2025 మే 22న ప్రారంభించిన 103 స్టేషనులలో మన బేగంపేట, వరంగల్, కరీంనగర్ ఉన్నవి. సికింద్రాబాదులో 1874లో తొలి రైలు వచ్చిన చోట, కోటను తలపించు ముఖద్వారముతో నిలిచిన పాత భవనమును 2025 ఆరంభములో కూలగొట్టినారు. వృద్ధులకు లిఫ్టులు, వికలాంగులకు వాలు దారులు, ఆడవారికి శుభ్రమైన వసతులు రావలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. పాత స్టేషనులలో మెట్లెక్కలేక కూలబడిన ముసలివారిని మేమును చూచినాము. అయితే మెరుగుపలకలు, ఉక్కు బెంచీలు, అల్యూమినియము తొడుగులు అన్నియు తేలికైనవి, ఖరీదైనవి, దూరమునుండి వచ్చునవి. ముఖభాగమున కాకతీయ తోరణమును అమర్చి ఊరిని జ్ఞప్తికి తేవచ్చును. దాని క్రింది నేలపలకను చిత్రించి చూపినచో అది వరంగల్లో, విజయవాడో, వారణాసియో ఎవరు చెప్పగలరు? చిన్న గుర్తులలో ఇంకను మాట్లాడునది కంకర ఒక్కటే.

అందుచేత ఇటీవల మేము ముఖద్వారములను చిత్రించుట మానినాము. వాటిని చిత్రించువారు వేలమంది ఉన్నారు. బేరము లేని వస్తువులనే వెదకుచున్నాము: నల్లా క్రింద నీటి ధారకు గుంటపడిన బండ, బెంచీ చేతిపై అరిగిన అక్షరములు, పట్టాముక్కతో నిలిపిన కంచె, చేతితో వ్రాసిన బోర్డు మూల, వసారా అంచున చెక్క ఝాలరు. ప్రతి చిత్రము వెనుక స్టేషను పేరు, ప్లాట్‌ఫారము సంఖ్య, తేదీ, గంట, కెమెరా ఏ దిక్కునకు తిరిగి ఉన్నదో వ్రాసి, ఆ వ్రాతపై కాగితము అంటించి దాచుచున్నాము. ఆటకు కావలసిన రహస్యము దక్కవలెను, పేరును నిలువవలెను. గ్రంథాలయములో ఉర్దూ నిఘంటువుల బీరువా క్రింది అరలో ఆ పెట్టె ఉన్నది. అందులో పదునాల్గవ చిత్రము ఇంతవరకు ఎవరికిని చిక్కలేదు. నాపరాళ్ల ప్లాట్‌ఫారము, నల్లని కంకర, బోర్డు ఎడమ అంచున దాల్ అక్షరము, మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు.